సైగాన్ చూపించిన మనిషి

ఆకుపచ్చ రెనో కారు తూ దో వీధి మలుపులో ఆగింది. చిన్న కారు. నలుగురు ఎక్కితే మోకాళ్ళు గడ్డాలకు తగులుతాయి. స్టీరింగ్ దగ్గరున్న మనిషి లక్కీ స్ట్రైక్ సిగరెట్ వెలిగించాడు. పక్కన కూర్చున్నవాడి వైపు చూడకుండానే కిటికీలోంచి వేలు చూపించాడు. అది ఒపేరా హౌస్. ఇది కాంటినెంటల్ హోటల్. ఆ ఎదురుది జివ్రాల్ కెఫే. పల్లె నుంచి వచ్చిన చుట్టానికి పట్నం చూపిస్తున్నాడని ఎవరైనా అనుకుంటారు. పక్కనున్నవాడు బుద్ధిగా తలాడిస్తున్నాడు. అతని కళ్ళు మాత్రం ఒపేరా హౌస్ మీద లేవు. దాని ముందు నిలబడ్డ పోలీసుల నడుములకున్న తుపాకుల మీద ఉన్నాయి.

1967 చివరి నెలలు. వానలు వెనకబట్టాయి. పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. హోండాల పొగ, కాఫీ గింజలు వేగుతున్న కమ్మదనం, కాలువల మీంచి వచ్చే బురద కంపు, అన్నీ కలిసి కారులోకి కొడుతున్నాయి. ఆ రోజుల్లో సైగాన్ టాక్సీల్లో చాలావరకు ఇదే మోడల్ రెనోలు. నీలం, క్రీం రంగుల్లో వీధుల నిండా అవే. వాటి మధ్య ఈ పచ్చ కారు కూడా దొర్లిపోతోంది. ఎవరూ ఆపలేదు. ఎవరైనా ఆపి, పక్క సీట్లోవాడి కాగితాలు తీసుకుని, ఎండకి పట్టి, రెండోసారి చూసి ఉంటే, సాయంత్రానికి ఇద్దరూ పోలీసుల చీకటి కొట్టులో ఉండేవాళ్ళు.

కారు నడుపుతున్నవాడు ఫామ్ స్వాన్ ఆన్. అమెరికా వారపత్రిక ‘టైమ్’కి సైగాన్ విలేకరి. పక్కనున్నవాడు ఊళ్ళో చాలామందికి చాలా పేర్లతో తెలుసు. అడవిలో ఉన్న కమ్యూనిస్టు గెరిల్లాలకి మాత్రం తూ కాంగ్. అసలు పేరు న్గుయెన్ వాన్ తావ్. రెండు చేతులతో పిస్తోళ్ళు పేల్చగలవాడని పేరు. సైగాన్‌కి వాయవ్యంగా, కూ చీ సొరంగాల దిక్కున మకాం ఉన్న హెచ్.63 అనే గూఢచారి దళానికి నాయకుడు. ఒక మనిషి దొంగచాటుగా పంపే కాగితాల్ని సైగాన్ దాటించి అడవికి చేర్చడమే ఆ దళం పని. ఆ మనిషే ఇప్పుడు సిగరెట్ పొగ వదులుతూ గేరు మారుస్తున్నాడు.

ఊరు చూపించమన్నాడు తూ కాంగ్. ఆన్ సరేనన్నాడు. వీధి వీధీ, గేటు గేటూ, గోడ గోడా చూపించాలి. ఎక్కడెక్కడ కొట్టాలో తేల్చుకోవాలి. కొత్త సంవత్సరం, టెట్ పండగ, దగ్గరపడుతోంది.

అలా తిరిగిన రోజులన్నీ కలిపితే ఒక రోజు ఇలా ఉంటుంది.

మొదట జివ్రాల్. తలుపు తియ్యగానే చల్లగాలి ముఖాన కొడుతుంది. ఎండలోంచి వచ్చినవాడికి కళ్ళు ఒక్క క్షణం కనపడవు. ఆ క్షణంలోనే పలకరింపులు. ఈ మూల సైనికాధికారులు, ఆ మూల పోలీసు ఇన్‌ఫార్మర్లు, కిటికీ దగ్గర అమెరికన్ విలేకరులు, వాళ్ళ పక్కనే వ్యాపారులు, వాళ్ళ వెనక ఎవరి జీతం మీద బతుకుతున్నారో ఎవరికీ తెలియని మరికొందరు, అందరూ ఒకళ్ళ మాటలు ఒకళ్ళు వింటూ, విననట్టు పేపర్ తిప్పుతూ, ఐస్ వేసిన కాఫీ చెంచాతో కలుపుతూ, సైగాన్‌లో ఆ పొద్దున పుట్టిన ప్రతి పుకారునీ మధ్యాహ్నానికి వార్తగా మార్చి పంపేస్తుంటారు. వీధికి ఫ్రెంచివాళ్ళు పెట్టిన పాత పేరు మీద దానికి ‘రేడియో కటినా’ అని ముద్దుపేరు. ఆ రేడియోలో అందరికన్నా నమ్మకమైన గొంతు ఆన్‌ది. అతన్ని ‘జనరల్ జివ్రాల్’ అనేవాళ్ళు. వెంట పెద్ద జర్మన్ షెపర్డ్ కుక్క. నవ్వితే పళ్ళన్నీ కనిపిస్తాయి. అబద్ధం రాయడని పేరు. నిజంగానే రాయలేదు. అతని రహస్యం కాగితం మీద లేదు.

అతను విలేకరి వేషం వేసుకున్న గూఢచారి అనుకుంటే పొరపాటు. నిఖార్సయిన విలేకరి. అతన్ని విలేకరిని చేసింది కమ్యూనిస్టు పార్టీ. 1927లో బియెన్ హోవాలో పుట్టాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడే ఫ్రెంచివాళ్ళ మీద తిరుగుబాటులో చేరాడు. 1957లో కాలిఫోర్నియా పంపారు, ఆరెంజ్ కోస్ట్ కాలేజీలో చదువుకి. అమెరికన్లు ఎలా ఆలోచిస్తారో, ఎలా నవ్వుతారో, దేనికి కోప్పడతారో నేర్చుకురమ్మన్నారు. నేర్చుకున్నాడు. దాంతోపాటు వాళ్ళని ఇష్టపడటం కూడా నేర్చుకున్నాడు. అది పార్టీ చెప్పని పాఠం. 1959లో తిరిగొచ్చేసరికి, అతన్ని నడిపించే పై మనిషి జైల్లో ఉన్నాడు. ఏ క్షణాన ఎవడు నోరు విప్పుతాడో తెలియదు. ఇంట్లో దాక్కుంటే అనుమానం. పారిపోతే రుజువు. ఆన్ మూడో దారి పట్టాడు. సైగాన్‌లో అందరూ పేరు చెబితేనే వణికే మనిషి తలుపు తట్టాడు.

ఆ మనిషి డాక్టర్ త్రాన్ కిమ్ తుయెన్. దక్షిణ వియత్నాం అధ్యక్షుడు దియెమ్ గూఢచారి విభాగానికి అధిపతి. చదివింది వైద్యం. మనిషి బక్కగా, పొట్టిగా ఉంటాడు. ఆన్ అతన్ని ఉద్యోగం అడిగాడు. తుయెన్ ఇచ్చాడు. ప్రభుత్వ వార్తా సంస్థలో. తన మనుషుల మీదే అజమాయిషీకి పెట్టాడు. అక్కడి నుంచి రాయిటర్స్. అక్కడి నుంచి టైమ్. వేటగాడే జింకను తెచ్చి తన పెరట్లో కట్టేసుకున్నాడు. ఈ అప్పు ఆన్ మర్చిపోలేదు. అది తీరాల్సిన రోజు ఇంకా ఏళ్ళ దూరంలో ఉంది.

బిల్లు కట్టాడు ఆన్. తర్వాత బెన్ థాన్.

గడియార స్తంభం కింది గేటులోంచి లోపలికి అడుగుపెడితే వెలుతురు ఒక్కసారి తగ్గిపోతుంది. రేకుల కింద వేడి కమ్ముకుని ఉంటుంది. ఎండురొయ్యల గుట్టలు. పీపాల్లో పులిసిన చేపల సాస్ ఘాటు. తట్టల్లో ఇంకా కొట్టుకుంటున్న చేపలు. కాళ్ళు కట్టేసిన కోళ్ళు. పొడుగు గౌన్లకి పట్టు తానులు, తాటాకు టోపీలు, దొంతులుగా పనసకాయలు. కాలి కింద తడి ఎప్పటికీ ఆరదు. ఆ నేలే ఒకప్పుడు చిత్తడి. ఫ్రెంచివాళ్ళు దాన్ని పూడ్చి, 1912లో కట్టడం మొదలుపెట్టి, 1914లో ఈ బజారు తెరిచారు. బయట పేవ్‌మెంట్ల మీద ఇంకో బజారు నడుస్తోంది. అమెరికా సైన్యం దుకాణాల్లోంచి జారిపోయిన సబ్బులు, విస్కీలు, సిగరెట్లు గోనెపట్టాల మీద పరిచి అమ్ముతున్నారు. యుద్ధం సైగాన్‌కి ఏం తెచ్చిందో తెలియాలంటే ఆ గోనెపట్టాలు చూస్తే చాలు.

ఈ బజారుకి ఆన్ రోజూ వచ్చే మనిషే. పెళ్ళాం, నలుగురు పిల్లలు. చేతిలో సంచీ. ఎవరికి అనుమానం? జనంలోంచి ఒకావిడ వస్తుంది. నడివయసు. గంపలో పిల్లల బొమ్మలు, చిల్లరమల్లర సామాను. పేరు న్గుయెన్ థి బా. ఆన్ బేరమాడతాడు. ఆవిడ దిగనంటుంది. చివరికి ఏదో ఒక బొమ్మ కొంటాడు. డబ్బు చేతులు మారుతుంది. డబ్బుతోపాటు ఇంకోటి కూడా.

అది ఫిల్ము రీలు.

బియ్యప్పిండి రేకులో చుట్టిన పంది మాంసాన్ని అక్కడివాళ్ళు నెమ్ అంటారు. కొన్నిసార్లు రీలు ఆ నెమ్ రూపంలో వెళ్ళేది. కొన్నిసార్లు కుళ్ళడం మొదలెట్టిన చేప పొట్టలో. ఆ కంపుకి చెక్‌పోస్టు సిపాయి గంపలో చెయ్యి పెట్టడు. కొన్నిసార్లు ఉత్త కాగితం మీద, గంజితో రాసిన రాతతో. ఆరాక కాగితం తెల్లగానే ఉంటుంది. అయొడిన్ పూస్తే అక్షరాలు తేలతాయి. బజారుకి రావడం కుదరని రోజుల్లో, తెల్లవారుజామున గుర్రప్పందేల మైదానంలో కుక్కని తిప్పుతున్నట్టు తిప్పి, చెట్టుకొమ్మల్లోని ఖాళీ పక్షిగూట్లో పొట్లం పెట్టేసేవాడు. ఆన్ భార్య థూ న్యాన్ కొన్నిసార్లు దూరం నుంచి వెనకే నడిచేది. అతన్ని పట్టుకుంటే కనీసం మిగతావాళ్ళకి కబురు చేరాలి కదా. పిల్లల తల్లి. అయినా ఆ నడక నడిచింది. అది తల్చుకుంటే గుండె జలదరిస్తుంది.

థి బా గంప నెత్తికెత్తుకుంది. జనంలో కలిసిపోయింది. బస్సెక్కాలి. దారిలో ఎన్ని చెక్‌పోస్టులో. వాటిలో ఒక్కటి చాలు.

కారు మళ్ళీ కదిలింది. ఇప్పుడు వెడల్పాటి రోడ్లు. వరసగా చింతచెట్లు. ఎర్ర ఇటుక చర్చి. ఇటుకలు మార్సేయి నుంచి ఓడలో తెప్పించి 1880కి పూర్తిచేశారు. పక్కనే 1891లో కట్టిన పసుప్పచ్చ పోస్టాఫీసు, లోపల ఇనప కమానులు, ఎప్పుడూ చల్లగా. తూ కాంగ్ వాటివైపు చూసి చూడనట్టు వదిలేశాడు. అతనికి కావల్సింది చెట్ల సందుల్లోంచి కనిపిస్తున్న తెల్లటి భవనం.

స్వాతంత్ర్య భవనం. అధ్యక్షుడు థియూ ఉండేది అక్కడే. అంతకుముందు అదే చోట ఫ్రెంచి గవర్నరు కోట ఉండేది. 1962 ఫిబ్రవరి 27న సొంత వైమానిక దళంలోని ఇద్దరు పైలట్లు దాని మీద బాంబులు వేశారు. దియెమ్ బతికిపోయాడు. కోట ఒక వైపు కూలిపోయింది. ఉన్నది పడగొట్టి కొత్తది కట్టమన్నాడు. న్గో వియెత్ థూ అనే ఆర్కిటెక్టు గీశాడు. గోడలు లేస్తుండగానే, 1963 నవంబరు 2న, దియెమ్‌ని సొంత సైన్యమే చంపేసింది. 1966 అక్టోబరు 31న ఆ భవనం తెరిచారు, కట్టించినవాడు లేకుండా. దాని ముందు గేటు గురించి ఊళ్ళో అందరికీ తెలుసు. ఆన్ కారుని ముందు గేటు దగ్గర ఆపలేదు. పక్కకు తిప్పాడు. న్గుయెన్ జూ వీధిలోకి. పనివాళ్ళు వచ్చిపోయే గేటు వైపు.

రెనో నెమ్మదించింది. ఆగలేదు. ఆగితే కాపలావాడు చూస్తాడు. తూ కాంగ్ పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేకుండా. కాపలావాళ్ళని లెక్కపెడుతున్నాడు. ఎదురుగా సగం కట్టి వదిలేసిన మేడ. దాన్నీ చూశాడు. ఆ మేడ రేపు ఎవరికి సమాధి అవుతుందో అప్పుడు ఆ కారులో ఎవరికీ తెలియదు.

థోంగ్ న్యూత్ రోడ్డు. అమెరికా రాయబార కార్యాలయం. ఆరంతస్తులు, ముందంతా జల్లెడలాంటి కాంక్రీటు తెర. సెప్టెంబరులోనే తెరిచారు. గోడల సున్నం వాసన కూడా పోలేదు. తర్వాత ఖజానా. అక్కడ తూ కాంగ్ మనసులో మాట బయటపెట్టాడు. దీన్ని కొడితే డబ్బు దొరుకుతుందన్నాడు. ఆన్ వద్దన్నాడు. ఇక్కడ ఇచ్చేది జీతాలే, ఇందులో ఏమీ ఉండదన్నాడు. కోర్టు కొట్టమన్నాడు. దొంగల దగ్గర, నల్లమందు వ్యాపారుల దగ్గర పట్టుకున్న బంగారమంతా సాక్ష్యంగా అక్కడే పేరుకుని ఉందన్నాడు. వెళ్ళేటప్పుడు ఇనప్పెట్టె కోసుకోవడానికి గ్యాస్ కట్టర్ పట్టుకెళ్ళమని కూడా చెప్పాడు. ఏళ్ళ తరబడి ఊరంతా తిరిగిన విలేకరి కళ్ళు అవి. ఏ గోడ వెనక ఏముందో తెలిసిన కళ్ళు. అలా ఇరవై దాకా గుర్తులు పడ్డాయి తూ కాంగ్ మనసులో.

ఈ ఊరిని ఆన్ ప్రేమించాడు. అందులో అనుమానం లేదు. దాని పిట్టల అంగళ్ళు, దాని కోడిపందేలు, దాని అర్ధరాత్రి కబుర్లు, దాని జనం. అంత ప్రేమించినవాడికే ఎక్కడ కొడితే రక్తం కారుతుందో బాగా తెలుసు. ఆ పూట అతను చూపించింది అదే.

అదే వారాల్లో, ఊరికి ఇంకో వైపు, యెన్ దో వీధి 7వ నంబరులో ఫో బిన్ అనే చిన్న నూడుల్స్ హోటల్ ఉంది. ఎముకల పులుసు తెల్లవారుజాము నుంచే సలసల మరుగుతుంది. దాల్చినచెక్క, అనాసపువ్వు వాసన వీధి చివరిదాకా. అమెరికన్ సైనికులు కూడా వచ్చి గిన్నెలు ఖాళీ చేసి వెళ్తారు. యజమాని న్గో తొయాయ్ నవ్వుతూ వడ్డిస్తాడు. వాళ్ళ తలల మీద, పై అంతస్తులో, సైగాన్ దాడిని నడిపించే కమాండర్లు కూర్చుని ఉన్నారు. కింద గిన్నెలు గలగల. పైన మ్యాపులు. మధ్యలో ఒక్క చెక్క మెట్ల వరస.

ఫాన్ దిన్ ఫూంగ్ వీధిలో ఇంకో ఇల్లు. యజమాని త్రాన్ వాన్ లాయ్, స్వాతంత్ర్య భవనంలోనే పనులు చేసే కాంట్రాక్టరు, సొమ్మున్నవాడు. ఇంటి నేల కింద నేలమాళిగ. అందులో టన్నుల కొద్దీ ఆయుధాలు. ఊళ్ళోకి తుపాకులు ఎలా వచ్చాయి? లారీల్లో బియ్యం బస్తాల కింద, టమాటా గంపల కింద. పండగ సరుకు. పండగ సరుకుని ఎవరు ఆపుతారు?

1968 జనవరి 30. టెట్. కోతి సంవత్సరం పుట్టిన రోజు. న్గుయెన్ హ్వే వీధిలో ఇంకా పూల బజారు వాసన పోలేదు. పసుప్పచ్చ మాయ్ పూలు రాలి నేల మీద అతుక్కుపోయాయి. ఇళ్ళ ముందు టపాకాయల ఎర్ర కాగితాలు కుప్పలు. సైనికుల్లో చాలామంది సెలవుల మీద సొంతూళ్ళకి వెళ్ళిపోయారు. రాత్రి పొద్దుపోయేదాకా టపాకాయలు మోగుతూనే ఉన్నాయి. అర్ధరాత్రి దాటింది. ఒంటిగంటన్నర కావస్తోంది. అప్పుడు పేలింది టపాకాయ కాదు.

రాకెట్ వచ్చి న్గుయెన్ జూ వీధి గేటుకి తగిలింది. సరిగ్గా ఆ గేటుకే. పదిహేను మంది దాకా ఉన్న దళం లోపలికి దూసుకెళ్ళబోయింది. మెషీన్ గన్లు ఎదురుతిరిగాయి. ఎటు చూసినా వెలుగు, పొగ, కేకలు. వెనక్కి తగ్గారు. వెనకున్నది సగం కట్టిన మేడ. అందులోకి ఎక్కారు. అక్కడి నుంచి దిగే దారి లేదు.

గంట దాటాక రాయబార కార్యాలయం గోడకి కన్నం పడింది. 19 మంది లోపలికి జొరబడ్డారు. పొద్దున తొమ్మిది దాటేదాకా ఆ పచ్చగడ్డి మీద కాల్పులు. ఐదుగురు అమెరికన్లు పోయారు. వచ్చినవాళ్ళలో దాదాపు అందరూ పోయారు. ఆ కొన్ని గంటలూ అమెరికాలో ప్రతి ఇంటి టీవీలోకి వెళ్ళాయి. గెలుస్తున్నామని ఏళ్ళుగా చెప్తూ వచ్చిన మాటకి ఆ గోడతోపాటే కన్నం పడింది.

తూ కాంగ్ ఎక్కడ?

భవనానికి దగ్గర్లోనే ఒక ఫ్లాట్‌లో. అది తమ్ థావో అనే యువతి ఇల్లు. ఆవిడా హెచ్.63 మనిషే. కిటికీ రెక్కలు మూసేసి ఉన్నాయి. గదిలో గాలి లేదు. బయట బూట్ల చప్పుడు మెట్లెక్కుతోంది. తూ కాంగ్ రెండు పిస్తోళ్ళూ తీశాడు. ఎక్కుపెట్టింది తలుపు వైపు కాదు. తన కణతల వైపు. ప్రాణంతో దొరకకూడదని ముందే నిశ్చయించుకున్నాడు. దొరికితే నోరు తెరిపిస్తారు. నోరు తెరిస్తే ఆకుపచ్చ రెనో బయటపడుతుంది. తలుపు దబదబ బాదారు. తమ్ థావో తీసింది.

ఆవిడ నిబ్బరం అతన్ని కాపాడింది. తను ప్రభుత్వం పక్షం మనిషినని సైనికుల్ని నమ్మించింది. ఒకళ్ళిద్దరు గుమ్మంలోంచి తొంగిచూశారు. బూట్ల చప్పుడు కిందికి దిగింది. తూ కాంగ్ వేళ్ళు పిస్తోళ్ళ మీంచి వెంటనే రాలేదు. ఎదురు వీధిలో, ఆ సగం మేడలో, ఇంకా కాల్పులు వినిపిస్తున్నాయి. రెండు రోజుల దాకా వినిపించాయి. తర్వాత ఆగిపోయాయి.

ఆకుపచ్చ రెనో మళ్ళీ బయల్దేరింది. మళ్ళీ అదే ఇద్దరు. అదే ఊరు చూపించడం.

ఈసారి వేలు పెట్టి చూపించాల్సిన అవసరం లేకపోయింది. శవాలు రోడ్ల పక్కన పడి ఉన్నాయి. కొందరి కాళ్ళకి టైరు ముక్కలతో కోసిన చెప్పులు. కొందరికి అవీ లేవు. చాలామంది ఇరవై దాటని కుర్రవాళ్ళు. కాలిన ఇళ్ళ మసి గాలిలో తేలి కారు అద్దానికి అంటుకుంటోంది. టపాకాయల ఎర్ర కాగితాలు నెత్తురులో తడిసి, ఏది కాగితమో ఏది నెత్తురో తెలియకుండా పోయింది. తూ కాంగ్ లెక్కపెడుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేకుండా. అప్పుడు లెక్కపెట్టింది కాపలావాళ్ళని. ఇప్పుడు తనవాళ్ళని.

ఆన్ కారు నడుపుతూనే ఉన్నాడు. సాయంత్రం టైమ్‌కి కాపీ పంపాలి. రాత్రి ఇంట్లో తలుపేసుకుని, ఇంకో కాపీ గంజితో రాయాలి. రెండూ నిజాలే రాశాడు. రెండూ ఒకే చేత్తో.

న్గో తొయాయ్‌ని పోలీసులు పట్టుకుపోయారు. కోన్ దావో దీవి జైలు. 1973 దాకా బయటికి రాలేదు. థి బా గంపతో తిరుగుతూనే ఉంది. అందరూ ఆవిడంత అదృష్టవంతులు కారు. ఆన్ పొట్లాల్ని మోసిన దళంలో 45 మంది. వాళ్ళలో 27 మంది పట్టుబడి, చనిపోయారు. ఒక మనిషి జివ్రాల్‌లో నవ్వుతూ కాఫీ తాగడానికి 27 ప్రాణాలు. ఆ లెక్క ఆన్‌కి తెలుసు. అతని నవ్వు చూసిన విలేకరి మిత్రుల్లో ఎవరికీ తెలియదు.

ఏడేళ్ళు గడిచాయి.

1975 ఏప్రిల్ 29. ఆకాశంలో హెలికాప్టర్ల మోత. కిటికీలు గిలగిలలాడుతున్నాయి. ఉత్తరం సైన్యం ఊరి అంచుల్లో ఉంది. రాయబార కార్యాలయం గోడల మీద జనం చీమల్లా పాకుతున్నారు. ఆన్ భార్యాబిడ్డల్ని టైమ్ వాళ్ళు అప్పటికే విమానమెక్కించారు. అతను మాత్రం ఉండిపోయాడు. తల్లిని వదిలి రాలేనన్నాడు. ఆ మధ్యాహ్నం ఆఫీసు తలుపు దగ్గర ఒక పొట్టి మనిషి నిలబడ్డాడు. బక్కగా. చెమటతో. కళ్ళల్లో బిత్తర.

డాక్టర్ త్రాన్ కిమ్ తుయెన్.

ఒకప్పుడు ఈ ఊరంతా అతని పేరుకి వణికింది. ఇప్పుడు అతనే వణుకుతున్నాడు. తప్పించుకునే దారులన్నీ మూసుకుపోయాయి. కమ్యూనిస్టులు వస్తే మొదటి చిట్టాలో మొదటి వరసలో అతని పేరే ఉంటుంది. ఎదురుగా ఉన్నవాడు ఆ కమ్యూనిస్టుల్లో ఒకడని అతనికి తెలియదు. ఆన్ ఒక్క మాట ఎవరికైనా చెప్తే చాలు. చెప్పకపోయినా చాలు, ఊరికే కూర్చుంటే చాలు.

ఆన్ ఫోన్ అందుకున్నాడు. ఒక నంబరు. ఇంకో నంబరు. లైను లేదు. రాయబార కార్యాలయం దగ్గరికి చేరడం కుదిరే పని కాదు. చివరికి ఒక కబురు దొరికింది. జా లోంగ్ వీధి, 22వ నంబరు, మేడ మీదికి హెలికాప్టరు వస్తుంది. ఇద్దరూ కారులో పడ్డారు. జా లోంగ్ వీధి ఆన్‌కి కళ్ళు మూసుకున్నా తెలుసు. కోర్టు కొట్టమని వేలు చూపించింది ఆ వైపే. జనం కారుని ఆపుతున్నారు, అద్దాలు కొడుతున్నారు, బానెట్ మీదికి ఎక్కుతున్నారు, సైరన్లు, ఏడుపులు, ఎవరో పారేసిన సూట్‌కేసు టైరు కింద నలిగింది, హారన్ మోగిస్తూ, సందుల్లోంచి దూరుతూ, ఆన్ కారుని 22వ నంబరు దాకా లాక్కొచ్చాడు. గేటు దిగిపోతోంది.

కాపలావాడు ఇక ఎవరినీ పంపనన్నాడు. గేటుకీ నేలకీ మధ్య సందు తగ్గిపోతోంది. ఆన్ ఉరికాడు. ఒక చెయ్యి గేటు కింద పెట్టి పట్టుకున్నాడు. రెండో చేత్తో తుయెన్‌ని తోశాడు. పొట్టి మనిషి కావడం కలిసొచ్చింది. దూరిపోయాడు. గేటు నేలకి తగిలింది. వీడ్కోలు చెప్పుకోవడానికి వ్యవధి దొరకలేదు.

ఆ మధ్యాహ్నమే ఆ మేడ మీద, నిచ్చెనెక్కుతున్న జనాన్ని, అందుకుంటున్న చెయ్యిని, చిన్న హెలికాప్టరుని ఫొటోగ్రాఫర్ హ్యూబర్ట్ వాన్ ఎస్ కెమెరాలో పట్టాడు. యుద్ధం ముగిసిందని ప్రపంచానికి చెప్పిన ఫొటో అది. రాయబార కార్యాలయమని చాలామంది అనుకుంటారు. కాదు. అది జా లోంగ్ వీధి.

పై మనుషులు తర్వాత ఆన్‌ని నిలదీశారు. శత్రువుల్లో కల్లా పెద్ద శత్రువుని ఎందుకు వదిలేశావని. పతకాలు ఇచ్చారు, మేజర్ జనరల్ హోదా ఇచ్చారు, ఏళ్ళ తరబడి ఇంటి మీద నిఘా కూడా పెట్టారు. ఆ ఊళ్ళోనే, 2006 సెప్టెంబరులో పోయాడు. పచ్చ రెనోని, తూ కాంగ్ పిస్తోళ్ళని సైనిక గూఢచారి మ్యూజియంలో పెట్టారు.

అదంతా తర్వాతి మాట. గేటు పడిన మర్నాడు, ఏప్రిల్ 30న, మధ్యాహ్నం కాకముందే స్వాతంత్ర్య భవనం ముందు గేటుని ట్యాంకు విరగ్గొట్టుకుని లోపలికెళ్ళింది. టైమ్‌లోని అమెరికన్లందరూ వెళ్ళిపోయారు. టైమ్ ఆఫీసులో కాగితాలు చెల్లాచెదరుగా పడి ఉన్నాయి. ఆన్ కుర్చీ లాక్కుని టెలెక్స్ ముందు కూర్చున్నాడు. న్యూయార్క్‌కి కబురు కొట్టాడు. అమెరికన్ విలేకరులందరినీ తరలించారని, టైమ్ సైగాన్ ఆఫీసు ఇక ఫామ్ స్వాన్ ఆన్ చూసుకుంటున్నాడని.